నాన్న తాగని నీళ్ళు

మా సంఘంలో నెలకి మొదటి ఆదివారం ప్రభు బల్ల, చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజు. దాని ముందురోజు, శనివారం సాయంత్రం, మా పేటలో ఒకసారి నడిస్తే చాలు, ఆ నెలంతా ఎవరికి ఎవరితో పడలేదో తెలిసిపోయేది. తగువు పడినవాళ్ళు అవతలివాళ్ళ ఇంటికి వెళ్ళాలి. కూర్చుని మంచినీళ్ళు అడగాలి. ఆ ఇంటివాళ్ళు ఇవ్వాలి, వెళ్ళినవాళ్ళు తాగాలి. తాగితే మాట అయిపోయినట్టు. ఆ తగువు మళ్ళీ ఎత్తకూడదు. సమాధానపడకుండా మర్నాడు రొట్టె ముట్టుకోకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు. మా తాతల కాలంలో ఏ పాస్టరు అయ్యగారో పెట్టి వెళ్ళింది, అంతే.

అమ్మకీ పక్కింటి పిన్నికీ ఆ శనివారం నీళ్ళు దాదాపు ప్రతి నెలా ఉండేవి. సోమవారం కుళాయి దగ్గర మళ్ళీ మొదలయ్యేది.

"మొన్నే కదే మాయింట్ల నీల్లు తాగినావు?"

"తాగినాను. ఆ నీల్లు ఎప్పుడో ఎల్లిపోనాయి. ముందు బిందె తియ్యి."

నేను నవ్వేదాన్ని. అప్పటికి నాకు ఆ ఆచారం మీద ఉన్న గౌరవం అంతే.

నేను ఓడల ఏజెంటు ఆఫీసులో టెలిఫోను బోర్డు మీద పని చేసేదాన్ని. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా రిసీవరు చేతిలోంచి దిగేది కాదు. ఇంటికొచ్చాక వెనకనుంచి ఎవరైనా పిలిచినా "హలో" అనేసేదాన్ని. కోపం మాత్రం ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. టౌనులో పుట్టి, టౌనులో పెరిగి, నెలజీతం తెచ్చుకునే ఆడపిల్లని. ఎవరికీ జడవనవసరం లేదనుకునేదాన్ని. నాన్న నన్ను అగ్గిపెట్టె అనేవాడు.

నాన్న పోర్టులో సిగ్నల్ మేన్. ఓడ మీద, లోపలికి దిగే పెద్ద కంత అంచున నిలబడి, సరుకు ఎత్తే యంత్రం, వించి, నడిపేవాడికి చేతులతో చెప్పాలి. పైకి, కిందికి, ఆపు. వించి మోతలో మాట వినపడదు కాబట్టి అన్నీ చేతులతోనే. కింద ఓడ గర్భంలో సరుకు కట్టేవాళ్ళ ప్రాణాలు ఆ చేతుల్లో ఉండేవి. అందుకేనేమో, ఇంట్లో కూడా మాట తక్కువ ఆయనకి. కూర చాలంటే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు.

కింద పనిచేసేవాళ్ళలో నాన్నకి ప్రాణంలాంటి ఒకడు ఉండేవాడు. నాన్న కంటే బాగా చిన్నవాడు. నేను భాయ్ అనేదాన్ని. వన్ టౌనులో, పాత పోస్టాఫీసు అవతల సాయిబుల సందులో ఇల్లు. అతని నాన్న ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. మా ఇంటి గిన్నెలన్నీ ఆ తాత చేతిలో మెరిసినవే. భాయ్ ఐదు పూటలా నమాజు చేసే మనిషి. వాళ్ళ కూలీల ముఠాలో అందరూ పని దిగాక సారా దుకాణం వైపు వెళ్తే అతను, నాన్న టీ కొట్టు వైపు వెళ్ళేవారు. మిగతావాళ్ళు "అదిగో, ఇద్దరు పాస్టర్లూ ఎల్తన్నారు" అని వెక్కిరించేవారట. భాయే చెప్పి నవ్వేవాడు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు అవి. ఓడల్లో యంత్రాల పెట్టెలు దిగుతుండేవి. ఒకరోజు ఓడ గర్భంలోంచి పెట్టె పైకి లేస్తుండగా ఇనుప తాడు తెగింది. పెట్టె మళ్ళీ కిందపడింది. కింద భాయ్ ఉన్నాడు.

ఆ తాడు పోగులు తెగి ఉన్నాయని నాన్న ఆ పొద్దున్నే చూశాడు. ముఠా మేస్త్రీకి చూపించాడు కూడా. "ఈ పూటకి కానీరా బావా, రేపు కొత్తది వత్తాది" అన్నాడు మేస్త్రీ.

ఆ మేస్త్రీ మా సంఘ పెద్ద. ఆదివారం కానుకల సంచి పట్టుకుని మా వరసల మధ్య తిరిగే మనిషి. నా చిన్నప్పుడు క్రిస్మస్‌కి నాకు బెలూన్లు ఇచ్చిన మనిషి.

కాంట్రాక్టరు ఆఫీసులో విచారణ జరిగింది. మేస్త్రీ, చచ్చిపోయినవాడు తాగి ఉన్నాడని, నోటినుంచి వాసన వచ్చిందని, ఆపమన్నా వినకుండా పెట్టె కిందికి వెళ్ళాడని చెప్పాడు. నాన్న వెళ్ళి తాడు సంగతి చెప్పాడు. తాగలేదని చెప్పాడు. ముఠాలో మిగిలినవాళ్ళు నేల చూశారు. వాళ్ళకి మర్నాడు పని పిలిచేది మేస్త్రీయే. చివరికి మేస్త్రీ మాటే నిలిచింది, భాయ్ ఇంటికి రావలసిన నష్టపరిహారం ఆగిపోయింది. నాన్నని ఆ ముఠాలోంచి తీసి, బొగ్గు, ఇనుప రాయి దిగే చోటికి పంపేశారు.

అది సాయిబుల సందుకి పాకింది. తాగి చచ్చాడు. ఆ రెండు ముక్కలు చాలు. జనాజాకి, ఆ ఆఖరి యాత్రకి, రావలసినంత మంది రాలేదు. మసీదులో ముందు వరసలో నిలబడే తాత ఆ వారం నుంచి చివరి వరసకి వెళ్ళిపోయాడు. ఎవరూ వెళ్ళమనలేదు. భాయ్ పెళ్ళాన్ని నేను భాబీ అనేదాన్ని. కుట్టుమిషను మీద బతుకు లాగడం మొదలుపెట్టింది. ఒకసారి నాన్నతో వెళ్ళినప్పుడు తాత అన్నాడు.

"డబ్బులిత్తారా, ఇవ్వరా, అది ఆలిష్టం. నా కొడుకు తాగలేదని ఎవులైనా ఒక్కమాట సెప్తే సాలు, బాబూ. ఈ సందుల సెప్పాల. ఈ సందుల అందరూ ఇనీలాగ సెప్పాల."

"నాను సెప్పినాను కదా, బాబా" అన్నాడు నాన్న.

"నువ్వు దోస్తువి. దోస్తు మాట ఎవులు నమ్ముతారు? అన్నోడే సెప్పాల."

ఆ నెల శనివారం నాన్న మేస్త్రీ ఇంటికి బయలుదేరాడు. నన్ను కూడా రమ్మన్నాడు. ఎందుకంటే అంతకుముందు ఆదివారం చర్చి గేటు దగ్గర నేను మేస్త్రీని అందరి ముందూ నిలదీశాను. కానుకల సంచి పట్టిన చెయ్యేనా అది అని, ఇంకా చాలా అన్నాను. ఆయన పెళ్ళాం ఏడుస్తూ వెళ్ళిపోయింది. అన్నవాటిలో అబద్ధం ఒక్కటీ లేదని నా వాదన.

"నేనెందుకు రావాలి? తప్పు ఆయనది" అన్నాను.

"ఆడి తప్పు ఆడిది. గేటు కాడ నువ్వు ఆడి పెల్లాం ముందల అన్నావు కదా, అది నీది. రెండూ కలపకు."

"నేను నిజమే అన్నాను."

"నిజానికి అంత నోరెందుకే గుంటా? నడు."

మేస్త్రీ ఇంట్లో కుర్చీలు వేశారు. ఆయన భార్య నీళ్ళు తెచ్చింది, రెండు స్టీలు గ్లాసులు. నాన్న నావైపు చూసి వేలు కదిపాడు. పైకి అన్నట్టు. నేను గ్లాసెత్తి గటగటా తాగేశాను. ఆవిడకి సారీ చెప్పాను. నాన్న తన గ్లాసు చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"తాగరా బావా" అన్నాడు మేస్త్రీ.

"తాగితే మాట అయిపోద్ది. మాట అవ్వలేదు కదా."

"నాకు నలుగురు పిల్లలు. తాడు సంగతి సెప్తే ముందు నా మెడకే చుట్టుకుంటాది. నీకు తెల్దేటి?"

"తెల్సు. నీ పిల్లల కోసం నాను పార్తన సేత్తన్నాను. ఆ ముసిలోడికీ ఒక పిల్లడు ఉండీవోడు."

నాన్న లేచి నమస్కారం పెట్టి వచ్చేశాడు. దారిలో నేను అడిగాను, మరి నన్నెందుకు తాగించావని. "నువ్వు ఆడితో సమాదానపడ్డావు. నాను పడలేదు. ఇద్దరం ఒకలాగే ఉండాలని ఎక్కడుంది?" అన్నాడు.

ఆ మర్నాడు ఆరాధనకి నాన్న మామూలుగానే వచ్చాడు. పాటలు పాడాడు. ప్రసంగం విన్నాడు. బల్ల దగ్గరికి వరసలు లేచినప్పుడు ఆయన కూడా లేచి, ఎదర వైపు కాకుండా వెనక తలుపు వైపు నడిచి, బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన నేరుగా సాయిబుల సందుకి వెళ్ళి, తాత కొట్లో కూర్చుని, కొలిమి తిత్తి ఊదడం మొదలుపెట్టాడు. తాత గిన్నె వేడెక్కించి, నవసాగరం చల్లి, తగరం రాసి, దూదితో తుడిచేవాడు. తెల్లటి పొగ లేచేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారు కాదు. మా వాళ్ళు రొట్టె తీసుకునే వేళంతా నాన్న ఆ పొగలో కూర్చునేవాడు.

అలా ప్రతి నెలా. శనివారం మేస్త్రీ ఇంటికి వెళ్ళడం, గ్లాసు ముట్టుకుని పెట్టేయడం, ఆదివారం వెనక తలుపు. మొదట్లో మేస్త్రీ బతిమాలేవాడు. తర్వాత కోప్పడేవాడు. తర్వాత తర్వాత ఇంట్లో ఉండేవాడు కాదు. అప్పుడు నాన్న అరుగు మీద కూర్చుని, ఆయన భార్య ఇచ్చిన గ్లాసు ముట్టుకుని, "వచ్చినానని సెప్పమ్మా" అని వచ్చేసేవాడు.

మా సంఘంలో బల్లకి రానివాడంటే లోపల ఏదో పాపం దాచుకున్నవాడని లెక్క. ఇంకో అర్థం ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళకి ఆ అనుమానం నాన్న మీదికే తిరిగింది. ఆ రోజు తాగినవాడు సిగ్నల్ మేనేనని, చెయ్యి తప్పు చూపించాడని, ఆ పాపం కుదిపేస్తుంటే రొట్టె ముట్టుకోలేకపోతున్నాడని అనడం మొదలుపెట్టారు. కుళాయి దగ్గర అమ్మ చెవిన పడింది. అమ్మ బిందె అక్కడే వదిలేసి వచ్చింది.

"నువ్వు ఒక్కసారి బల్లకి ఎల్లిపో. నా కోసరం" అంది నాన్నతో. "ఊరంతా నిన్ను తాగుబోతని అంతన్నారు."

"అననీ" అన్నాడు నాన్న.

"అననీ ఏటి? నువ్వు తాగలేదని నాకు తెల్దేటి?"

"ముసిలాయినికీ తెల్సు కదే, ఆడి కొడుకు తాగలేదని. ఆయన ఎంతకాలం నుంచి మోత్తన్నాడో సూడు. నాను కొంత మోత్తే ఏటైపోద్ది?"

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. నేను అయ్యగారి దగ్గరికి వెళ్ళాను, గొడవ పెట్టుకోడానికే వెళ్ళాను. ఆయన మంచివాడే. మెత్తటి మనిషి.

"సంఘంలో సమాధానం ముఖ్యం కదమ్మా. మీ నాన్నగారు కాస్త తగ్గితే అందరికీ మంచిది" అన్నారు.

"తగ్గాల్సింది ఎవరండీ, అయ్యగారూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు తెలుసమ్మా" అన్నారు. తెలిసి ఊరుకున్నవాళ్ళంటే నాకు మేస్త్రీ కంటే ఎక్కువ మంట. తలుపు దభాలున వేసి వచ్చాను.

ఇనుప రాయి దుమ్ములో ఏళ్ళు గడిచేసరికి నాన్నకి దగ్గు పట్టుకుంది. రుమాల్లోకి ఎర్రటి మట్టి పడేది. అది రాయి దుమ్మో, రక్తమో తెలిసేది కాదు. పెద్దాసుపత్రిలో చేర్చాం. వార్డు కిటికీలోంచి సముద్రం గాలి వచ్చేది, ఆయనకి ఊపిరి మాత్రం అందేది కాదు. డాక్టరు అమ్మని పక్కకి పిలిచి చెప్పిన సాయంత్రం, అయ్యగారు రొట్టె, ద్రాక్షారసం చిన్న పెట్టెలో పెట్టుకుని వచ్చారు. మంచం మీద ఉన్నవాళ్ళకి అలా తెచ్చి ఇస్తారు.

నాన్న పెట్టెని చూశాడు. మాట కోసం చాలాసేపు పట్టింది.

"మేస్త్రీ సెప్పినాడా?"

అయ్యగారు తల అడ్డంగా ఊపారు.

నాన్న అరచెయ్యి అడ్డం పెట్టాడు.

అమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాలని చూసింది. "తీసుకో, నీకు దణ్ణం పెడతాను. ఇలా ఎల్లిపోతే నిన్ను నాను మల్లీ ఎక్కడ సూత్తాను?" అంది. అమ్మ భయం అది. నాన్న లేకుండా పోవడం కాదు, పోయిన తర్వాత కూడా విడిపోవడం. నాన్న ఆమె తల నిమిరాడు. నాన్న కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. కాని చెయ్యి దించలేదు. అయ్యగారు రొట్టెముక్క అమ్మకి ఇచ్చారు. ఆమె దాన్ని నోట్లో పెట్టుకుని మింగలేక, అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత అయ్యగారు వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చారు. నేను చూశాను. చూసినా నాకు జాలి వేయలేదు. ఆ రోజు నాకు ఎవరి మీదా జాలి లేదు, నాన్న మీద కూడా. ఒక్క ముక్క తింటే ఏం పోయేది అనుకున్నాను. అమ్మ కోసమైనా తినొచ్చు కదా అనుకున్నాను. ఆ ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది.

నాన్న ఆ వారంలోనే పోయాడు.

సమాధుల తోటకి కళాయి తాత వచ్చాడు. భాబీ ఆయన చెయ్యి పట్టుకుని, కొండ దిగువన ఉన్న ఆ తోట దాకా తీసుకొచ్చి గేటు దగ్గర ఆగిపోయింది. ఆయన ఒక్కడే లోపలికి వచ్చి, నాన్న పెట్టె దించాక గుప్పిట్లో మట్టి తీసుకుని వేశాడు. ఎదురుగా, సంఘ పెద్దలు నిలబడే చోట మేస్త్రీ ఉన్నాడు. అప్పటికి జుట్టంతా నెరిసిపోయి ఉంది. తాత మట్టి చేతులు దులుపుకుని ఆయన్ని చూశాడు. కోపంగా కాదు. పక్కింటివాడిని పలకరించినట్టు అన్నాడు.

"ఆ రోజు సంగతి తెలిసి, సెప్పీవోడు ఈయనొక్కడే. ఈయనా ఎల్లిపోనాడు. ఇంక నువ్వొక్కడివే ఉన్నావు, బాబూ."

అని వెనక్కి తిరిగి, సమాధుల మధ్య తడుముకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు. మేస్త్రీ ఆ తర్వాత పాటలో నోరు కదపలేదు.

కొన్ని వారాల తర్వాత, ఒక గురువారం, ఆఫీసులో బోర్డు మీద దీపం వెలిగితే వైరు గుచ్చి, ఎవరు కావాలండీ అన్నాను.

"నువ్వే కావాలమ్మా."

మేస్త్రీ గొంతు గుర్తుపట్టాను. వైరు పీకేయబోయాను.

"రేపు ఆ సందుకి నాతో వత్తావా? మీ నాన్నతో ఎల్లాల్సింది. ఎల్లనేదు. ఇప్పుడు ఒక్కడినీ ఎల్లలేకపోతన్నాను."

"దారి అడుగుతూ వెళ్ళండి. నోరుంది కదా."

బోర్డు మీద వేరే దీపాలు వెలుగుతున్నాయి. నేను తీయలేదు.

"ఉంది. అది తెరవాలంటేనే బయిం" అన్నాడు.

వెళ్ళాలని లేదు. అమ్మతో చెప్తే "ఎల్లు" అంది, ఇంకో మాట లేకుండా. నాన్న ఉంటే ఈయన వెంట వెళ్ళేవాడే, అది కూడా పరుగున వెళ్ళేవాడే అని తోచింది. ఆ కోపంతోనే సెలవు పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం మేం సందులోకి వెళ్ళేసరికి మసీదు నుంచి జనం వస్తున్నారు. తాత కొట్టు మూసేసి చాలా కాలమైంది. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఏడు వానాకాలం నుంచి ఆయనకి చెవులు దాదాపు పోయాయి. ఆ సంగతి నాకు తెలుసు. మేస్త్రీకి తెలియదు. నేను చెప్పలేదు.

మేస్త్రీ అరుగు దగ్గర వంగి, చేతులు కట్టుకుని, గుసగుసగా అన్నాడు. "సాయిబు గారూ, ఆ రోజు మీ అబ్బాయి తాగలేదండి."

"ఏటి?"

మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. ఇంకొంచెం గట్టిగా అన్నాడు.

"ఇనపడదు, బాబూ. గట్టిగా సెప్పు."

వెళ్ళేవాళ్ళు ఇద్దరు ఆగారు. వాళ్ళని చూసి ఇంకో నలుగురు. మేస్త్రీ నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఒకప్పుడు వించి మోత మీదుగా ముఠాని పిలిచిన గొంతు అది. ముసలిదైనా సందు చివరికంటా వెళ్ళింది.

"మీ అబ్బాయి తాగలేదు. తాడు పాతది. పాతదని తెల్సి నానే వేయించినాను. తాగినాడని నానే అబద్దం సెప్పినాను."

పరదా వెనకాల కుట్టుమిషను ఆగిపోయింది. భాబీ ఏడుపు నాకు వినిపించింది. తాతకి వినిపించలేదు.

తాత తల ఊపాడు. "ఆడు తాగలేదని నాకు తెల్సు. నాను కన్నాను కదా ఆడ్ని" అన్నాడు. గడ్డం ఎత్తి, ఆగి చూస్తున్న మనుషుల్ని చూపించాడు. "ఆలకి సెప్పు."

మేస్త్రీ వాళ్ళ వైపు తిరిగాడు. నోరు తెరిచాడు కాని, ఈసారి గొంతు రాలేదు. అరుగు అంచు కోసం చెయ్యి చాపి తడుముకున్నాడు. పట్టుకోడానికి నా చెయ్యి దానంతటదే లేచింది, నేనే వెనక్కి లాక్కున్నాను.

తాత అరుగు మీద కొంచెం జరిగి చోటు చేశాడు.

"కూకో" అన్నాడు. "కూకుని సెప్పు. ఆలు ఎక్కడికీ ఎల్లరు."